చదివి పిలవాలి, పిలిచి వినాలి

(అధ్యాపక నియామకాల్లో పరిశోధన పత్రాల లెక్క, ఇంటర్వ్యూల తీరు: మాస్టారి స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

మాస్టారి పేరున నిధి ఏర్పరచి ఏటా ఒక ఉపన్యాసం జరిపిస్తున్న శిష్యబృందం ఈసారి ఆ బాధ్యత నాకు అప్పగించింది. ఆయనకు ఇష్టమైన సాహిత్య విషయమేదో మాట్లాడతానని చాలామంది అనుకుని ఉంటారు. నేను ఎంచుకున్నది వేరు. విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపక ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులను మనం ఎలా వడపోస్తున్నాం, మిగిలినవాళ్లను ఎలా పిలుస్తున్నాం, పిలిచాక వాళ్ల మాట ఎంతసేపు వింటున్నాం అన్నది నా విషయం. ఇది రిజిస్ట్రార్ ఆఫీసు చూసుకునే పని అని మనలో చాలామంది అనుకుంటారు. మాస్టారు అలా అనుకోలేదు.

నాకు బాగా గుర్తున్న సంగతి ఒకటి చెబుతాను. నేను ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న రోజుల్లో నా అధ్యాయం ఒకటి వారం రోజులు ఆయన బల్ల మీదే ఉండిపోయింది. ఉండబట్టలేక అడిగాను. ఆయన పక్కనున్న కాగితాల కట్ట చూపించారు. ఒక విశ్వవిద్యాలయం ఆయన్ని ఇంటర్వ్యూలకు విషయ నిపుణుడిగా పిలిచింది. అభ్యర్థులు రాసిన వ్యాసాల నకళ్లు పంపమని ఆయనే ఉత్తరం రాసి తెప్పించుకున్నారు. "సోమవారం వీళ్ల ఎదురుగా కూర్చోవాలి. ఏం రాశారో చదవకుండా ఏం అడగనురా?" అన్నారు. ఒక్కొక్కరి గురించి నోటుపుస్తకంలో అరపేజీ చొప్పున రాసుకున్నారు. ఆ ప్రయాణం చేసి తిరిగొచ్చాకే నా అధ్యాయం తీశారు.

ఆ అరపేజీ గురించే ఈరోజు నా ఉపన్యాసం. చదివి పిలవాలి, పిలిచి వినాలి. ఎంపిక సంఘానికి ఈ రెండే ధర్మాలు. మొదటిదాన్ని మనం అంకెలకు అప్పగించాం, రెండోదాన్ని గడియారానికి అప్పగించాం. ఆ అప్పగింతలో నాకూ పాలుంది కాబట్టి ఈ మాటలు నాకు నేను చెప్పుకుంటున్నవి కూడా.

లెక్క ఎందుకొచ్చింది

అంకెల మీద నాకు పగ లేదు. అవి రావడానికి బలమైన కారణం ఉంది. ఒకప్పుడు అధ్యాపక నియామకం మొత్తం ఇంటర్వ్యూ గదిలోనే తేలేది. ఎవరి శిష్యుడు, ఎవరి బంధువు, ఏ కులం, ఎవరి సిఫారసు ఉత్తరం అన్నవే పనిచేసేవి. అండలేని అభ్యర్థి అన్యాయం జరిగిందని చెప్పుకుందామన్నా చేతిలో ఆధారం ఉండేది కాదు. ఆ చీకటిలో ఒక దీపం పెట్టాలన్న ఆలోచనతోనే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2010 నిబంధనల్లో ఎపిఐ అనే పాయింట్ల లెక్క తెచ్చింది. రిఫరీలు చూసి ప్రచురించే పత్రికలో వ్యాసానికి 15 పాయింట్లు, రిఫరీలు లేని గుర్తింపు పత్రికలో వ్యాసానికి 10 పాయింట్లు. అసోసియేట్ ప్రొఫెసర్ పదవికి కనీసం 300, ప్రొఫెసర్ పదవికి 400 పాయింట్లు ఉండాలన్నారు.

2018 జూలైలో కొత్త నిబంధనలు వచ్చాయి. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలో తేల్చడానికి వాటిలో వంద మార్కుల పట్టిక ఉంది. డిగ్రీలో 80 శాతం దాటితే 15, పీజీలో 80 శాతం దాటితే 25, పీహెచ్‌డీకి 30. నెట్‌తో పాటు జేఆర్‌ఎఫ్ ఉంటే 7. ఏడాది బోధనానుభవానికి 2 చొప్పున గరిష్ఠంగా 10. పరిశోధన వ్యాసానికి 2 చొప్పున గరిష్ఠంగా 10.

ఈ పట్టికను నేను ఎన్నోసార్లు చేత్తో నింపాను. నింపేటప్పుడు గమనించినవి చెబుతాను. వ్యాసానికి 2 మార్కులు, పైకప్పు 10. అంటే అయిదు వ్యాసాలున్న ప్రతివారూ సమానమే. పదేళ్లు ఒకే సమస్యతో కుస్తీపట్టి ఒక్క గొప్ప వ్యాసం రాసిన మనిషికి 2 మార్కులు, ఆరు నెలల్లో అయిదు పలుచటి వ్యాసాలు వేయించుకున్న మనిషికి 10. వ్యాసంలో ఏముందో చెప్పడానికి ఆ పట్టికలో గడి లేదు. భాషాసాహిత్యాల వాళ్లకు ఇంకో చిక్కు. తెలుగు ఎంఏలో 60 శాతం రావడమే గొప్పగా ఉన్న తరం వాళ్లు, 80 శాతం మామూలైపోయిన చోట చదివిన వాళ్ల పక్కన నిలబడాలి. పత్రికల్లో వచ్చిన వ్యాసాలకే ఆ వరసలో మార్కులు గనుక పుస్తకం రాసినవారికి అక్కడ చోటు లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆ నిబంధనల్లోనే ఉన్న ఒక గమనిక. ఈ మార్కులు ఇంటర్వ్యూకి పిలవడానికి మాత్రమేననీ, ఎంపిక ఇంటర్వ్యూలో చూపిన ప్రతిభ మీదే ఆధారపడాలనీ అందులో ఉంది. రెండు ముక్కలూ కలిపి చదవండి. వడపోత దశలో వ్యాసాలను లెక్కపెడతాం కానీ చదవం. ఇంటర్వ్యూ దశలో ఆ లెక్కనీ పక్కనపెట్టి కొన్ని నిమిషాల సంభాషణతో తేలుస్తాం. ఒక మనిషి పదేళ్లపాటు రాసినదాన్ని మొదటినుంచి చివరిదాకా ఎవరూ చదవకుండానే అతని జీవితం మీద తీర్పు చెప్పడానికి ఈ పద్ధతిలో పూర్తి వీలుంది. దీపం పెట్టామనుకున్నాం. దీపం వెలుగులో చదవాల్సిన కాగితాన్ని మాత్రం మూసిపెట్టాం.

లెక్కకు తగ్గ సరుకు

ఏ గుణాన్నైనా కొలమానం చేసి దానికి జీతం ముడిపెడితే, జనం ఆ గుణం కోసం కాక కొలమానం కోసం పనిచేస్తారు. పత్రికలకు కట్టే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చరిత్రే తీసుకోండి. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో ఆ ఆలోచన బయటపెట్టాడు. 1975 నుంచి పత్రికల జాబితాగా అచ్చవుతూ వచ్చింది. ఏ పత్రికలను సూచికలో చేర్చాలి, గ్రంథాలయం దేనికి చందా కట్టాలి అని తేల్చుకోవడానికి పుట్టిన అంకె అది. క్రమంగా అది మనుషుల నుదుటిమీదికి ఎక్కింది. 2005లో హెర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్ ఇండెక్స్ ప్రతిపాదించాడు. అది పుట్టడమే వ్యక్తులను కొలవడానికి పుట్టింది. ఈ కొలతలన్నీ ఉటంకింపుల లెక్కలే. గణితంలో ఒక వ్యాసాన్ని ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఉటంకిస్తారు. వైద్యంలో కొన్నేళ్లకే పాతబడుతుంది. రెండింటినీ ఒకే బద్దతో కొలిస్తే ఎవరికి న్యాయం?

మన దేశంలో 2010 తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. పాయింట్లు కావలసినవాళ్లు లక్షల్లో పుట్టుకొచ్చారు కాబట్టి వాటిని అమ్మే పత్రికలూ పుట్టుకొచ్చాయి. డబ్బు కడితే వారంలో అచ్చు. సంపాదకవర్గంలో పేర్లున్నవాళ్లలో కొందరికి ఆ సంగతే తెలియదు. బీఎంసీ మెడిసిన్ పత్రికలో 2015లో వచ్చిన ఒక అధ్యయనం, 2014లో ఇలాంటి పత్రికల్లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4,20,000 వ్యాసాలు వెలువడ్డాయని అంచనా కట్టింది. రచయితల్లో మూడోవంతుకు పైగా భారతీయులని తేల్చింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసగించిందంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెక్కింది. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది. మన ఊరి పేరు అలాంటి తీర్పు పక్కన చదివిన రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

యూజీసీ ఊరుకోలేదు. ఆమోదిత పత్రికల జాబితా తయారుచేసింది. ఆ జాబితాలోకే తాలు గింజలు చేరాయి. 2018 మే నెలలో ఒక్కసారిగా 4,305 పత్రికలను అందులోంచి తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత పుణె విశ్వవిద్యాలయం కేంద్రంగా కేర్ అనే కొత్త జాబితా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేశారు. పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం సమర్పించేముందు వ్యాసం అచ్చువేసి తీరాలన్న నిబంధననూ 2022లో ఎత్తేశారు. మనం ఒక జాబితాను మరో జాబితాతో దిద్దుకుంటూ ఏళ్లు గడిపాం. పత్రిక పేరు చూసి లోపలి సరుకు ఎంచవచ్చన్న నమ్మకాన్ని మాత్రం ఒక్కసారీ ప్రశ్నించలేదు. పేరున్న పత్రికల్లోనూ కొన్న వ్యాసాలు వస్తున్నాయి. 2023 ఒక్క ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా పరిశోధన వ్యాసాలను ప్రచురణకర్తలు ఉపసంహరించుకున్నారు. వాటి బలంతో ఉద్యోగం పొందినవారు, వాటివల్ల ఉద్యోగం పోగొట్టుకున్నవారు ఎందరో ఎవరు చెప్పగలరు?

ఈ సంత నడిచేది పేద పరిశోధకుడి డబ్బుతో. ఇంట్లో మొదటి తరం చదువరి, ఫెలోషిప్ నెలల తరబడి రానివాడు, అప్పుచేసి వ్యాసం వేయించుకుంటున్నాడు. అలాంటి పిల్లవాడొకడు నా దగ్గరకొచ్చి, "సార్, రెండు మార్కులకు ఎంత కట్టాలో చెప్పారు, కట్టమంటారా?" అని అడిగాడు. వద్దన్నాను. నా మాట విని కట్టలేదు. మరుసటి ఏడాది వడపోతలో కొద్ది తేడాతో ఆగిపోయాడు. ఆ రోజు నుంచి నీతి చెప్పడం ఎంత తేలికో, ఆ నీతికి వెల ఎవరు కడతారో నాకు అర్థమైంది.

లెక్కకు అందనివాళ్లు

యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం ఈ సభలో గుర్తుచేసుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టి 1922లో బోస్టన్ చేరిన మనిషి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన ఇచ్చిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ పాకింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద వాళ్లిద్దరి పని 1920ల చివర్లో వెలువడింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన అధ్యాపక పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, దాని వెంటే కాన్సర్ మందు మెథోట్రెక్సేట్, ఫైలేరియా మందు హెట్రజాన్ అక్కడ ఆయన నడిపిన బృందాల నుంచి వచ్చాయి. 1948లో కన్నుమూశారు.

ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను తర్వాతి కాలంలో ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందనీ, ఫిస్క్ అసూయ వల్ల సుబ్బారావు కృషి వెలుగు చూడలేదనీ నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తర్వాత చెప్పారు. అచ్చయిన జాబితాలో లేని పని ఆ మనిషి చేతుల్లో ఉంది. ఆ పని తెలియాలంటే ఎవరో ఒకరు ఆయన ప్రయోగశాలకు వెళ్లి, "నువ్వు చేసిన భాగం ఏది?" అని అడిగి, జవాబు ఓపికగా వినాలి. ఈనాటి మన ప్రొఫార్మాలోనూ ఆ ప్రశ్న లేదు. ప్రధాన రచయితకు ఇంత, మిగతావాళ్లకు ఇంత అని వాటాలు మాత్రం ఉన్నాయి.

ఇక మన భాష సంగతి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా సేకరింపజేసి, రైతుల నోట విన్న మాటలతో కూర్చిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. ఏళ్ల తరబడి ఎందరో తిరిగిన తిరుగుడు అందులో ఉంది. 2018 పట్టిక ప్రకారం ప్రమోషన్ల పరిశోధన స్కోరులో జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 10 పాయింట్లు. భాషాసాహిత్యాల్లో ఒక వ్యాసానికీ 10 పాయింట్లే. నాగలి భాగాల పేర్లు జిల్లా జిల్లాకూ ఎలా మారతాయో తేల్చిన నిఘంటువూ, పది పేజీల సమీక్షా వ్యాసమూ ఆ లెక్కలో ఒకటే.

1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ప్రారంభించిన భారతి 1991 దాకా నడిచింది. తెలుగు శాసనాలు, ఛందస్సు, చరిత్ర, భాష మీద అసలైన చర్చ దశాబ్దాలపాటు ఆ పత్రికలోనే జరిగింది. దానిలో వ్యాసం పడడమంటే, తర్వాతి సంచికల్లో పండితులు వచ్చి దులిపేస్తారని తెలిసి రాయడం. అంతకుమించిన రిఫరీ పద్ధతి ఏముంటుంది? ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఆ పత్రికకు లేదు, ఉండదు. అంతర్జాతీయ సూచికలు ఎక్కువగా ఇంగ్లీషు పత్రికలనే పట్టించుకుంటాయి కాబట్టి, తెలుగులో రాసే పరిశోధకుడు ఆ లెక్కలో పుట్టుకతోనే వెనకబడి ఉంటాడు. ఇంగ్లీషులో రాస్తేనే మార్కులంటే మన చరిత్రను మనకు వినిపించకుండా రాయమని చెప్పినట్టే.

ఏడు నిమిషాలు

ఇప్పుడు పిలుపు దగ్గరికి వద్దాం.

చాలా ఏళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయంలో నేను విషయ నిపుణుడిగా కూర్చున్నాను. రెండు ఉద్యోగాలు, 42 మంది అభ్యర్థులు, ఒకే రోజు. అందరినీ ఉదయం తొమ్మిదిన్నరకే రమ్మన్నారు. సాయంత్రం అయిదున్నరకు ముగించాలి. భోజనానికీ, టీకీ పోను ఏడు గంటలు, అంటే 420 నిమిషాలు. మనిషికి పది నిమిషాలు. వచ్చి కూర్చోవడం, సర్టిఫికెట్లు చూడడం, లేచి వెళ్లడం పోతే ఏడు నిమిషాలు మిగిలాయి.

ఆ రోజు చివర్లో ఒక అమ్మాయి వచ్చింది. రాత్రంతా బస్సులో ప్రయాణం చేసింది. ఉదయం నుంచి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. చంటిబిడ్డను తల్లికి అప్పగించి బయట చెట్టుకింద ఉంచింది. గిరిజన గూడేల్లో పాటలు సేకరించి పనిచేసిన పరిశోధకురాలు. అప్పటికి మేమందరం అలసిపోయి ఉన్నాం. ఒకరు సిద్ధాంతగ్రంథం శీర్షిక అడిగారు. ఒకరు నెట్ పాసైన ఏడాది అడిగారు. నేను ఏదో ఒక నిర్వచనం అడిగాను. ఆమె తన పని గురించి చెప్పబోయింది. "చాలమ్మా" అన్నారు అధ్యక్షులు. వెళ్లిపోయింది. వారం తర్వాత ఆమె వ్యాసం నా కంటబడింది. చదివాను. ఆ రోజు మేం చూసిన 42 మందిలో అంత కొత్త విషయం తెచ్చినవారు మరొకరు లేరు. ఆమె వ్యాసం ఎన్‌క్లోజర్లలో ఉంది. ఇంటర్వ్యూకి ముందు రోజు రాత్రి అతిథి గృహంలో నా బల్ల మీద ఆ కట్ట ఉంది. నేను తెరవలేదు. మాస్టారి శిష్యుణ్ని, తెరవలేదు.

ఆ గదిలో ఎవరూ డబ్బు తీసుకోలేదు, ఎవరి సిఫారసూ పనిచేయలేదు. నియమాలన్నీ పాటించాం. అన్యాయం జరిగింది. అందుకే ఇంటర్వ్యూల సమయపట్టికను నేను ఆఫీసు పనిగా చూడలేను. ఎంపిక ప్రక్రియ సమావేశం చివరి రోజునే ముగించి, మినిట్స్ మీద సభ్యులందరూ సంతకాలు పెట్టాలని నిబంధన ఉంది. మంచి నిబంధనే, మార్కులు తర్వాత మారకుండా కాపాడుతుంది. సమావేశం ఒక్క రోజే ఉండాలని మాత్రం అందులో లేదు. ఒక్క రోజుకు కుదించింది మన సౌకర్యం, బయటి నిపుణుల రైలు టిక్కెట్లు.

ఖాళీలు ఏళ్లతరబడి నింపకపోవడం ఈ రద్దీకి మూలం. మన రెండు రాష్ట్రాల్లోనూ నియామకాలు పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరాల్లా తయారయ్యాయి. 2023 చివర్లో ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాలు మూడువేలకు పైగా పోస్టులకు ఒకేసారి ప్రకటనలిచ్చాయి. ఆ ప్రక్రియ కోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకుంది. తెలంగాణలో విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బోర్డు కోసం 2022లో శాసనసభ ఆమోదించిన బిల్లు గవర్నర్ దగ్గర ఆగింది. ఈ లోపల కాంట్రాక్టు అధ్యాపకులుగా, అకడమిక్ కన్సల్టెంట్లుగా, పార్ట్ టైం ఉద్యోగులుగా ఒక తరం తల నెరిసిపోయింది. ఏటేటా కొద్ది పోస్టులు నింపితే కొద్దిమంది అభ్యర్థులే వస్తారు, చదవడానికీ వినడానికీ సమయం ఉంటుంది.

ఒక గట్టి అభ్యంతరం

నా మాటకు ఒక అభ్యంతరం ఉంది. అది చిన్నది కాదు. "వ్యాసాలు చదివి ఎంచమంటున్నారు. ఆ చదివేది ఎవరు? మళ్లీ ఆ పాత పెద్దలే కదా. అంకె ఉంటే కనీసం ఆర్టీఐ వేసి అడగవచ్చు. నచ్చలేదు, నాణ్యత లేదు అంటే ఎవరితో చెప్పుకోవాలి?" అని ఒక దళిత పరిశోధకుడు నన్ను సూటిగా అడిగాడు. అతని ప్రశ్నలో తరాల అనుభవం ఉంది. దాన్ని దాటవేసి ఈ విషయం మాట్లాడే అర్హత ఎవరికీ లేదు.

నా జవాబు ఇది. ఇప్పుడున్న పద్ధతిలో అంకె అతణ్ని గది తలుపుదాకానే కాపాడుతోంది. లోపల కాపాడడం లేదు. చివరి తీర్పు ఇంటర్వ్యూదే అని నిబంధనే చెబుతోంది, ఇంటర్వ్యూలో ఎవరు ఎందుకు ఎన్ని మార్కులు వేశారో ఒక్క వాక్యమూ ఉండదు. వివక్షకు అసలు చోటు అక్కడే. చదవడం ఆ వివక్షకు తలుపు తెరవదు, చదివినదాన్ని కాగితం మీద పెట్టి సంతకం చేయమంటే తలుపు మూసుకుంటుంది. "ఈ వ్యాసంలో ఫలానా ఆధారం కొత్తది, ఫలానా వాదన నిలవలేదు" అని పేరుతో రాసిన అరపేజీని ఎవరైనా ప్రశ్నించవచ్చు, మరో నిపుణుడికి చూపించవచ్చు, కోర్టులో పెట్టవచ్చు. ఏడు నిమిషాల తర్వాత వేసిన మార్కును ఎవరు ప్రశ్నించగలరు? ఎంపిక సంఘంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళ, దివ్యాంగ వర్గాల ప్రతినిధి ఉండాలన్న నిబంధన ఉంది. ఆ ప్రతినిధికి కూడా అభ్యర్థుల రచనలు ముందే అందాలి. అప్పుడే ఆ కుర్చీకి విలువ.

ఈ ఆలోచన నా ఒక్కడిది కాదు. 2012 చివర్లో శాన్ ఫ్రాన్సిస్కోలో కూర్చున్న సంపాదకులు, ప్రచురణకర్తలు పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో వ్యక్తులను కొలవద్దని, వ్యాసంలోని విషయాన్ని చూడమని ఒక ప్రకటన చేశారు. డోరా పేరుతో 2013లో వెలువడిన ఆ ప్రకటన మీద వేలమంది సంతకాలు చేశారు. 2015లో లైడెన్ మేనిఫెస్టో పది సూత్రాలు చెప్పింది. స్థానిక భాషల్లో, స్థానిక సమస్యల మీద జరిగే మంచి పరిశోధనను కాపాడాలన్నది వాటిలో ఒకటి. జర్మనీ పరిశోధన సంస్థ డీఎఫ్‌జీ 2010లోనే, దరఖాస్తుదారు తన పరిచయంలో అయిదుకు మించి ప్రచురణలు చూపకూడదని నియమం పెట్టింది. యాభై వ్యాసాలంటే లెక్కపెట్టబుద్ధవుతుంది. అయిదైతే చదవబుద్ధవుతుంది.

మన దగ్గరా కదలిక ఉంది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎంపికలో చదువుకూ పరిశోధనకూ 50, విషయ పరిజ్ఞానానికీ బోధనకూ 30, ఇంటర్వ్యూకి 20 మార్కులు పెట్టాయి. మొత్తం భారం ఇంటర్వ్యూ మీద వేయకపోవడం మంచి మార్పు. యూజీసీ 2025 జనవరి ముసాయిదా కూడా పాయింట్ల పద్ధతికి బదులు అభ్యర్థి చేసిన గుర్తించదగిన కృషిని చూడాలంది, భారతీయ భాషల్లో చేసిన పనినీ లెక్కలోకి తెచ్చింది. ఏ నిబంధన వచ్చినా ఒకటే అడుగుతాను. ఆ కృషిని చదివేదెవరు, ఎప్పుడు చదువుతారు, ఏం రాసి సంతకం పెడతారు?

చేయగలిగినవి

కొత్త చట్టం లేకుండానే ఒక విశ్వవిద్యాలయం రేపటి నుంచి చేయగలిగినవి చెబుతాను.

మొదటిది, దరఖాస్తుతో పాటు అభ్యర్థిని తన మూడు మంచి రచనలు ఇమ్మని అడగాలి. వ్యాసమైనా, పుస్తకమైనా, నిఘంటువైనా, తెలుగులో ఉన్నా సరే. వాటిలో తాను కనుక్కున్నదేమిటి, ఉమ్మడి రచనైతే తన భాగమేది అన్నది ఒక్క పేజీలో సొంత మాటల్లో రాయమనాలి. కొన్న వ్యాసం మీద ఆ పేజీ రాయడం చాలా కష్టం.

రెండోది, చదవడం. నిబంధన కోరే పట్టిక ప్రకారం అర్హులను తేల్చాక నలభైమంది మిగిలారనుకుందాం. ఒక్కొక్కరి ఒక్క రచనను ఇద్దరు చదవాలి, వారిలో ఒకరు బయటి నిపుణులు కావాలి. మొత్తం ఎనభై పఠనాలు. నలుగురు నిపుణులైతే తలా ఇరవై. ఒక నెల గడువిస్తే రోజుకు ఒకటి కూడా పడదు. దీనికి గౌరవ వేతనం ఇవ్వాలి. జవాబుపత్రం దిద్దినందుకు ఇస్తున్నప్పుడు ఒక మనిషి పదేళ్ల కృషి చదివినందుకు ఎందుకివ్వకూడదు?

మూడోది, పిలుపు. మూడు వారాల ముందు ఉత్తరం, ఫోను సందేశం రెండూ వెళ్లాలి. అందులో ఎవరి సమయం వారికి రాసి ఉండాలి. రోజుకు ఎనిమిది మంది, ఒక్కొక్కరికి నలభై నిమిషాలు. దూరం నుంచి రాత్రి ప్రయాణం చేసి వచ్చేవారికి మధ్యాహ్నం సమయం ఇవ్వాలి. పసిబిడ్డల తల్లులకు, దివ్యాంగులకు ఏం కావాలో ముందే అడగాలి. విదేశాల్లో ఉన్న మన పరిశోధకులకు, ప్రయాణ ఖర్చు భరించలేనివారికి వీడియోలో మాట్లాడే వీలుండాలి. ఉదయం వచ్చినవారికీ సాయంత్రం వచ్చినవారికీ అదే ఓపిక దక్కాలి.

నాలుగోది, వినడం. మొదటి పది నిమిషాలు అభ్యర్థి తన పని గురించి చెప్పాలి, సంఘం మధ్యలో అడ్డురాకూడదు. తర్వాతి ప్రశ్నలు చదివిన రచన నుంచే మొదలవ్వాలి. ఒక అభ్యర్థి వెళ్లగానే, చర్చకు ముందే, సభ్యులు ఎవరి మార్కు వాళ్లు కారణంతో రాసుకోవాలి. పెద్దవారి కనుసైగ చూసి వేసే మార్కు అప్పుడు తగ్గుతుంది.

అయిదోది, రానివారికి జవాబు. ఎంపిక కానివారికి వారి రచన మీద చదివినవాళ్లు రాసిన అరపేజీ అందాలి. ఉద్యోగం రాకపోయినా తన పనిని ఎవరో చదివారన్న తృప్తితో ఆ మనిషి ఇంటికి వెళతాడు.

ఇవన్నీ చేస్తే ఒక నియామకానికి రెండు నెలలు ఎక్కువ పడుతుంది. ఆ అధ్యాపకుడు ఆ తర్వాత ముప్పై ఏళ్లు పాఠం చెబుతాడు. ఏడాదికి అరవైమంది చొప్పున వేసుకున్నా 1,800 మంది విద్యార్థులు అతని ముందు కూర్చుంటారు. ఆ పద్దెనిమిది వందల మందికి మనం రెండు నెలలు ఇవ్వలేమా?

ఈ సభలో వైస్‌ఛాన్సలర్లుగా పనిచేసినవారున్నారు, రేపు విషయ నిపుణులుగా వెళ్లబోయేవారున్నారు. మీకు నా విన్నపం ఒక్కటే. ఈసారి మీకు పిలుపు వచ్చినప్పుడు, అభ్యర్థుల రచనలు ముందుగా పంపమని ఉత్తరం రాయండి. పంపకపోతే వెళ్లకండి. పంపితే చదవండి. పరిశోధక విద్యార్థులకు కూడా ఒక మాట. రెండు మార్కులకు ఎవరైనా వెల చెబితే కట్టకండి. మీ పేరుతో ఒక్క మంచి వ్యాసం రాసి పెట్టుకోండి. దాన్ని చదివే మనుషులను ఆ బల్ల అవతల కూర్చోబెట్టే పని మాది.

మాస్టారి నోటుపుస్తకం ఆయన కుటుంబం నాకిచ్చింది. ఇరవైఏడుగురు అభ్యర్థుల మీద ఇరవైఏడు అరపేజీలున్నాయి. అన్నీ చదివాక రాసినవే.